మందు చెట్టు కింద మొలకెత్తనివి



హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో అపార్ట్‌మెంట్లు రాకముందు కట్టిన ఇళ్ళు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. గేటు పక్కన వేపచెట్టు, గోడ వారన బాటిల్ బ్రష్, పెరట్లో కరివేపాకు, వాకిట్లో తులసికోట. ఆ ఇళ్ళల్లో మొక్కలు పెంచేవాళ్ళు కలిస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. వేప కింద ఏం వేసినా ఎందుకు బతకదు? కొత్తిమీర చల్లితే సగం మొలవదు, బంతి నాటితే పీలగా సాగి పక్కకు వాలిపోతుంది. జవాబు కూడా వాళ్ళే చెప్పేసుకుంటారు: "వేప చేదు కదండీ, ఆ చేదంతా మట్టిలోకి దిగుతుంది."

ఈ జవాబులో కొంత నిజం ఉంది. ఎంత ఉందన్నది తేల్చడానికే వృక్షశాస్త్రజ్ఞులు దాదాపు వందేళ్ళుగా కుస్తీ పడుతున్నారు.

ఔషధ మొక్క అనగానే మనకు ఒకరకమైన భక్తి. దాన్ని కన్నతల్లిలా చూస్తాం. కానీ ఏ మొక్కా మన దగ్గు కోసమో, మన జ్వరం కోసమో కష్టపడి ఒక పదార్థం తయారు చేసిపెట్టదు. అది లేచి పారిపోలేని ప్రాణి. ఆకు కొరికే పురుగునీ, వేరు కుళ్ళబెట్టే బూజునీ, పక్కనే మొలిచి నీళ్ళు లాక్కునే పోటీదారునీ నిలబడ్డ చోటనే ఎదుర్కోవాలి. అందుకు దానికున్న ఆస్తి రసాయనాలే. వాటిలో కొన్ని మన ఒంట్లోకి తగిన మోతాదులో వెళ్ళినప్పుడు మనకు మేలు చేస్తాయి. మనం వాటిని మందులన్నాం. పక్క మొక్కను అడిగితే వేరే పేరు చెబుతుంది.

తుంగ సంగతే చూడండి. మూలికల దుకాణంలో తుంగముస్తలు అడిగితే తూకం వేసి పొట్లం కట్టి ఇస్తారు. జ్వరానికీ, అజీర్తికీ, విరేచనాలకీ ఆయుర్వేద వైద్యులు తరతరాలుగా వాడుతున్న దుంపలవి. అదే తుంగ చేలో లేచిందంటే రైతు తల పట్టుకుంటాడు. పైన పీకితే కింద దుంప మిగిలిపోతుంది, నాలుగు రోజులకు మళ్ళీ పచ్చగా నవ్వుతుంది. 1977లో అచ్చయిన ప్రపంచ కలుపు మొక్కల ఉద్గ్రంథం ఒకటి మొట్టమొదటి స్థానం దానికే ఇచ్చింది. ఆ దుంపలు కుళ్ళిన మట్టిలో పత్తి, బార్లీ వంటి పైర్ల వేళ్ళు సరిగ్గా సాగవని పరిశోధకులు చూశారు. అంటే తుంగ చోటునీ, నీటినీ ఆక్రమించడంతో ఆగడం లేదు, మట్టిలో మందు కూడా కలుపుతోంది.

ఒక మొక్క విడిచిన రసాయనం మరో మొక్క మీద పనిచేసే ఈ వ్యవహారానికి అల్లెలోపతి అని 1937లో పేరు పెట్టినవాడు హాన్స్ మోలిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త. పండిన ఆపిల్ పళ్ళ నుంచి వచ్చే వాయువు పక్కనున్న మొలకల ఎదుగుదలను ఎలా మార్చేస్తుందో పరీక్షించి చూశాడాయన. అంతకు కొన్నేళ్ళ ముందు కలకత్తా వచ్చి, జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన సంస్థలో కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళాడు కూడా.

ఇక గోడ వారనున్న ఆ బాటిల్ బ్రష్ దగ్గరికి వద్దాం. ఎర్రటి పూలు సీసాలు కడిగే బ్రష్షుల్లా వేలాడుతుంటాయి, హైదరాబాదులో దాన్ని చూడని వాళ్ళుండరు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, మన జామాయిల్‌కు చుట్టం. 1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలో, ఒక రసాయనాల కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్త తన ఇంటి ఆవరణలో బాటిల్ బ్రష్ కింద కలుపు పెద్దగా రాకపోవడం గమనించాడు. మనమైతే "పోన్లే, కలుపు తీసే బాధ తప్పింది" అనుకుని లోపలికి వెళ్ళిపోతాం. ఆయన ఆ మట్టిని ప్రయోగశాలకు పట్టుకెళ్ళాడు. అందులోంచీ, ఆ చెట్టులోంచీ లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం బయటపడింది. అది సోకిన మొక్క ఆకులు పచ్చదనం పోయి తెల్లగా పాలిపోతాయి. మొక్కలో ఒక ఎంజైము ఆగిపోతుంది. దాంతో పత్రహరితాన్ని ఎండ నుంచి కాపాడే పసుపు రంగు పదార్థాలు తయారు కావు. ఏ ఎండ మీద బతకాలో ఆ ఎండే ఆకును కాల్చేస్తుంది.

లెప్టోస్పెర్మోన్‌ను ఉన్నదున్నట్టుగా చల్లాలంటే ఎకరానికి చాలా ఎక్కువ కావాలి, గిట్టుబాటు కాదు. అందుకని దాని నిర్మాణాన్నే మారుస్తూ మారుస్తూ పోయి మీసోట్రయోన్ అనే కలుపు మందు తయారు చేశారు. మొక్కజొన్న చేలల్లో కొట్టడానికి 2001లో అది బజారుకు వచ్చింది. మొక్కజొన్న దాన్ని తనలోనే విరగ్గొట్టుకోగలదు, కలుపు మొక్కలు విరగ్గొట్టుకోలేవు. మన కరీంనగర్, నిజామాబాద్ వైపు మక్క రైతుకు కలుపు మందుల కొట్లో కనిపించే డబ్బా వెనక ఒక పెరటి చెట్టు కథ ఉందన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు, నాకు అసలు ఇష్టమైన భాగం ఇక ముందుంది. అదే కుటుంబంలో కలుపు మందుగా పరీక్షించిన మరో పదార్థం నిటిసినోన్. అది పొలానికి ఎన్నడూ చేరలేదు. కానీ మొక్కలో అది ఆపే ఎంజైము మనిషి కాలేయంలోనూ ఉంది. టైరోసినీమియా అనే పుట్టు జబ్బున్న పసిపిల్లలకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని చివరిదాకా విడగొట్టే శక్తి ఉండదు. సగంలో ఆగిపోయిన విషాలు పేరుకుని కాలేయాన్ని తినేస్తాయి. ఆ విషాలు పుట్టకముందే, రెండు మెట్లు పైనే, దారి మూసేస్తే? స్వీడన్ వైద్యులు నిటిసినోన్‌తో సరిగ్గా ఆ పని చేసి, ఫలితాన్ని 1992లో ప్రకటించారు. ఇవాళ ఆ జబ్బుకు వాడే ప్రధానమైన మందు అదే. పక్క మొక్కను తెల్లబారేలా చేసే విషం జాడ పట్టుకుని పోతే పసిపిల్లల మందు సీసా దాకా వెళ్ళాం. మందూ విషమూ ఒకటే అని పెద్దలు ఊరికే తేలిగ్గా అనేస్తుంటారు గానీ, ఏ ఎంజైము, ఏ మెట్టు, ఎంత మోతాదు అని చూస్తే తప్ప ఆ మాటకు బలం రాదు.

ఆస్ట్రేలియా చెట్టు వద్దు, మన చెట్టు చెప్పమంటారా? దూలగొండి. కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేచే తీగ. పల్లెల్లో చదువుకున్నవాళ్ళకు బడి అల్లరిలో దాని పాత్ర గురించి వివరించి చెప్పక్కర్లేదు. దాని గింజలు ఆయుర్వేదంలో పేరుపొందిన మందు, కంపవాతానికి కూడా ఇస్తారు. ఆ గింజల్లో ఎల్-డోపా అనే పదార్థం దండిగా ఉంటుంది. పార్కిన్సన్స్ రోగికి ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలో ఉండేదీ అదే. మెదడులో అది డోపమైన్‌గా మారి, బిగుసుకుపోయిన కాళ్ళూ చేతులూ కదిలేలా చేస్తుంది.

దూలగొండి జాతి తీగను నేలను కప్పే పైరుగా వేస్తే కలుపు అణిగిపోతుందని చాలా దేశాల రైతులకు తెలుసు. జపాన్ శాస్త్రవేత్త యొషిహారు ఫుజీ దీన్ని పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ నుంచీ ఆకుల నుంచీ ఎల్-డోపా బయటికొచ్చి పక్క మొలకల వేళ్ళను సాగనివ్వడం లేదని 1990ల మొదట్లో చూపించాడు. రోగి మెదడుకు జీవం పోసే పదార్థం మొలక వేరులో గాలి తగిలి నల్లబడుతూ కణాలను దెబ్బతీస్తుంది. గడ్డి జాతుల మీద దీని ప్రభావం తక్కువ, వెడల్పాకు మొక్కల మీద ఎక్కువ. అందుకే మొక్కజొన్నతో కలిపి ఆ తీగను పెంచే పద్ధతి కొన్నిచోట్ల నిలబడింది.

ఫుజీ బృందం అక్కడితో ఆగక మందు మొక్కల మీదే ఒక పెద్ద జల్లెడ పట్టింది. ఎండిన ఆకును రెండు పొరల అగర్ జెల్లీ మధ్య పెట్టడం, పైన లెట్యూస్ గింజలు వేయడం, మూడు రోజుల తర్వాత వేరు ఎంత సాగిందో కొలవడం. ఇలా 239 ఔషధ మొక్కలను పరీక్షించి 2003లో ఫలితాలు అచ్చు వేశారు. మందు మొక్కలనే ఎందుకు ఎంచుకున్నారంటే, జీవకణాల మీద పనిచేసే పదార్థం వాటిలో ఉందని మన పూర్వీకులు ముందే రుచి చూసి చెప్పిపెట్టారు గనక. వెతుకులాటలో సగం పని అయిపోయినట్టే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ తెచ్చిన మలేరియా మందు ఆర్టెమిసినిన్ మొక్కల ఎదుగుదలనూ కుంగదీస్తుందని 1987లోనే అమెరికా కలుపు శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మందునిచ్చే మొక్కను మన దేశంలో సాగులోకి తెచ్చింది లక్నోలోని సిమాప్ అనే ఔషధ మొక్కల పరిశోధన సంస్థ, దాని కేంద్రం ఒకటి మన బోడుప్పల్‌లోనే ఉంది. ఉమ్మెత్త గింజల నుంచి జారే ఆల్కలాయిడ్లు పొద్దుతిరుగుడు మొలకలను అణచివేయడం ఆస్ట్రేలియాలో చూశారు. తులసికి ఆ ఘాటు వాసన ఇచ్చే యూజినాల్, లవంగ నూనెలో మరీ ఎక్కువగా ఉంటుంది. ఆ నూనెను నీళ్ళలో కలిపి చల్లితే లేత కలుపు ఆకులు మాడిపోతాయి. కొన్ని దేశాల్లో సేంద్రియ రైతులకు అది కలుపు మందు.

ఈ పదార్థాలు పక్క మొక్కను చేరే దారులు పెద్ద రహస్యం కాదు. వాన ఆకులను కడిగి కిందికి దించుతుంది, రాలిన ఆకు కుళ్ళుతూ విడుస్తుంది, వేరు తానే ఊటలా వదులుతుంది, వాసన గల మొక్కయితే గాలిలోకి కూడా పంపుతుంది.

ఇంతవరకు విని మీరు వేపను దోషిగా నిర్ణయించేసి ఉంటారు. ఇక్కడే నేను కాస్త అడ్డుపడాలి.

కాలిఫోర్నియా కొండల మీద సేజ్ అనే పొద ఉంది, మన తులసి కుటుంబానిదే. దాని చుట్టూ ఒకటి రెండు మీటర్ల మేర నేల బోడిగా ఉంటుంది, ఆ తర్వాతే గడ్డి. 1964లో ముల్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు, ఆ పొద వదిలే కర్పూరం, సినియోల్ ఆవిరులే గడ్డిని చంపుతున్నాయని రాశారు. చక్కని కథ, పాఠ్యపుస్తకాలకెక్కింది. 1970లో బార్తలోమ్యూ అనే ఆయన ఒక చిన్న పని చేశాడు. ఆ బోడి నేల మీద ఇనుప వల పంజరాలు బోర్లించాడు. పంజరం లోపల గడ్డి లేచింది! పొదలో దాక్కునే ఎలుకలూ కుందేళ్ళూ భయంతో దూరం పోలేక ఆ రెండు మీటర్లలోనే గింజలూ మొలకలూ మేసేస్తున్నాయి. ఆవిరి పాత్ర బొత్తిగా లేదని దీనివల్ల రుజువు కాదు గానీ, ఆ రోజు నుంచి ఈ శాస్త్రంలో ఎవరూ పంజరం సంగతి మరచి మాట్లాడే వీలు లేకపోయింది.

మన జామాయిల్ గురించి కూడా అలాగే. ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్ తోట పక్క చేను రైతును కదిలిస్తే చాలు, గట్టు వెంట పైరు గిడసబారిందని చెబుతాడు. నీలగిరి తైలం ఘాటు ఎరిగిన మనం వెంటనే ఆ ఘాటునే అంటాం. కానీ ఆ రైతులు చేసే విరుగుడు చూడండి: తోటకీ చేనుకీ మధ్య కందకం తవ్వుతారు. కందకం రాలిన ఆకును ఆపదు, వాసనను ఆపదు, వేరును తెంపుతుంది. కందకం తవ్వాక పైరు కోలుకుంటే అక్కడ గొడవ ప్రధానంగా నీళ్ళ దగ్గరన్నట్టే. చెట్లు మరీ దగ్గరగా ఉండి, వేళ్ళు ఒకదాన్నొకటి తాకితే సరిగ్గా కాయవని ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో రాసి, చెట్టుకూ చెట్టుకూ 20 మూరల ఎడం ఉత్తమం, 12 మూరలు కనీసం అని లెక్క కూడా ఇచ్చాడు. విషం ప్రసక్తి ఆయన తేలేదు, ఇరుకు గురించే చెప్పాడు.

మరి మన వేప? దాని ఆకు కషాయం చాలా రకాల గింజల మొలకను తగ్గిస్తుందన్నది ప్రయోగశాలల్లో పదే పదే తేలిన విషయం. మట్టిలోని సూక్ష్మజీవుల మీద దాని ప్రభావం ఇంకా స్పష్టం. యూరియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను వేప నూనె నెమ్మదింపజేస్తుంది. అందుకే 2015 నుంచి మన దేశంలో అమ్మే యూరియాకంతటికీ వేప పూత తప్పనిసరి చేశారు. అయితే రైతు వేపపిండిని బస్తాలకొద్దీ చేలో వేస్తాడు, పైరు ఏపుగా వస్తుంది. చేదంతా మట్టిలోకి దిగి మొక్కను చంపేటట్టయితే వేపపిండి కొనేవాడెవడు? మట్టిలో బంకమన్ను ఆ పదార్థాలను పట్టేసుకుంటుంది, సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి, కొన్ని వారాలకు విషం ఎరువైపోతుంది.

శ్రీనగర్ కాలనీ వేప కింద ఇంకా కొన్ని సంగతులున్నాయి. ఈ ప్రాంతమంతా బండ నేల. 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టే నాటికి అటువైపు రాళ్ళూ పొదలే. పైన పలచగా మొరం, దాని మీద ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్ళలు. కొంత లోతుకు వెళ్ళేసరికి పలుగు ఠంగుమంటుంది. ఆ కొంచెం మట్టిలో చెమ్మనంతా వేప వేళ్ళే తాగుతాయి, పైన నీడ. షూటింగులకు అద్దెకిచ్చే బంగ్లాల్లో చెట్టు కింద పరిచిన లాన్ రెండు నెలలకే పలచబడటానికి నా లెక్కలో మొదటి ముద్దాయి నీడ, రెండో ముద్దాయి మొరం. వేప చేదుకు మూడో వరసలో చోటివ్వచ్చు.

నా మాట నమ్మనక్కర్లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. మూడు పళ్ళేల్లో తడి గుడ్డ పరిచి గుప్పెడేసి ఆవాలు చల్లండి. ఒకదానికి మామూలు నీళ్ళు. రెండోదానికి రాత్రంతా వేపాకు నానబెట్టి వడకట్టిన నీళ్ళు. మూడోది ముఖ్యం, చాలామంది పరిశోధకులు కూడా వదిలేసేది: అంతే తోటకూర నానబెట్టిన నీళ్ళు. ఏ ఆకు నానినా నీళ్ళు చిక్కబడతాయి, ఆ చిక్కదనానికే గింజ వెనకాడవచ్చు. తోటకూర నీళ్ళకంటే వేప నీళ్ళలో వేరు బాగా పొట్టిగా ఉంటేనే నేరం వేపది. ఆ తర్వాత అదే పరీక్ష కుండీ మట్టిలో చెయ్యండి. గుడ్డ మీద కనిపించిన తేడా మట్టిలో చాలావరకు కరిగిపోవచ్చు. పెద్ద ప్రయోగాల్లో మట్టికి బొగ్గు పొడి కలిపి చూస్తారు, బొగ్గు విషాలను పీల్చుకున్నాక మొక్క కోలుకుంటే అనుమానం బలపడుతుంది.

తన విషం తనకే తగిలే మొక్కలూ ఉన్నాయి. జిన్సెంగ్ తవ్విన నేలలో మళ్ళీ జిన్సెంగ్ వేయడానికి కొరియా, చైనా రైతులు ఏళ్ళ తరబడి ఆగాలి. నేలలో పేరుకునే బూజులు ఒక కారణం, ఆ వేరే విడిచిపెట్టిన పదార్థాలు మరో కారణం.

చివరగా మన వీధి చివరి ఖాళీ స్థలం దగ్గరికి వస్తాను. ఎల్లారెడ్డిగూడ నుంచి యూసుఫ్‌గూడ దాకా గోడ కట్టకుండా వదిలేసిన స్థలం ఎక్కడున్నా, వాన పడ్డ నెలకు అక్కడ వయ్యారిభామ ఉంటుంది. పార్థీనియం. మన దేశంలో దాన్ని గుర్తించింది 1955లో, పుణెలో. తన సొంత గడ్డ అయిన అమెరికా ఖండంలో అది నాటువైద్యపు మొక్కే. ఇక్కడ మాత్రం చర్మానికి దద్దుర్లు, ఊపిరికి ఉబ్బసం. దానిలోని పార్థెనిన్ పక్క మొలకలను లేవనీయదు, అందుకే ఏ ఇతర మొక్కకూ చోటివ్వకుండా గుంపుగా నిలబడుతుంది. దాన్ని తినే పెంకుపురుగును 1980ల్లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెప్పించారు. కొంత పని జరిగింది.

దానికి మన దగ్గరే ఉన్న పోటీదారు తగిరిస, కొందరు తంటెం అంటారు. తామరకూ గజ్జికీ ఆకు నూరి రాసే మొక్క, తొలకరిలో లేత ఆకు కూర వండుకుంటారు. ఈ కేసియా వర్గం మొక్కలను వయ్యారిభామ మీదికి ఉసిగొల్పవచ్చని కర్ణాటక వ్యవసాయ శాస్త్రవేత్తలు 1980ల్లోనే చూపించారు. ఆ మొక్కల నుంచి జారే పదార్థాలు వయ్యారిభామ గింజలను మొలవనీయవు, మొలిచినవాటిని వాటి దట్టమైన ఆకులు కప్పేస్తాయి. ఇక్కడ కూడా విషం పాలెంత, నీడ పాలెంత అని నన్ను నిలదీస్తే రెండూ కలిసే పనిచేస్తాయంటాను.

మీ వీధిలో ప్రయత్నించాలనుకుంటే, తగిరిస కాయలు చలికాలం మొదట్లో ఎండుతాయి, అప్పుడే గింజలు ఏరి దాచుకోండి. గింజ పెంకు గట్టిది, ఇసుకతో కాస్త రుద్ది, మృగశిర కార్తెకు ముందు చల్లాలి. వయ్యారిభామను మాత్రం తెల్లని పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకండి. పూత వచ్చాక పీకితే గింజలు మీరే చల్లినట్టవుతుంది.